సర్పాన్ తాత వెండి పూత

సర్పాన్ తాతకి బోసి ఇనుమంటే గిట్టదు. ఎక్కడైనా రంగు పెచ్చులూడి లోపలి ఇనుము కనబడిందంటే, పెళ్లివాళ్ల మధ్య చొక్కా లేకుండా తిరుగుతున్న మనిషిని చూసినట్టు మొహం పక్కకి తిప్పుకునేవాడు. తరవాత ఎవరూ లేని వేళ చూసుకుని, వచ్చి కప్పేసేవాడు. గీత పడిందని నలుగురిలో అంటే గీసినవాడి పరువు పోతుంది కదా. ఎదుటివాడి తప్పు కంటబడితే చూడనట్టు ఊరుకుని, చడీచప్పుడూ లేకుండా దిద్దిపెట్టడం మా జావా పెద్దమనుషుల తరహా. ఆ మర్యాదే ఒక ఏడు మా కొంప ముంచబోయింది.

రేవులు పట్టి తిరిగిన రోజుల్లో ఓడలకి రంగులేసేవాళ్లను చూశాను. ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక దాకా వచ్చేసరికి ముక్కు దగ్గర మళ్లీ తుప్పు తయారు. చక్కెర మిల్లు కూడా నేల మీద నిలబడిపోయిన ఓడే. పగలంతా ఆవిరి, ఎక్కడ చెయ్యి పెట్టినా తీపి జిగురు, ఇనుము తినడానికి ఇంకేం కావాలి? మాదియూన్‌కి అరగంట దూరంలో ఉన్న కెదుంగ్‌సరి మిల్లు ఆరు నెలలు చెరకు ఆడుతుంది. తక్కిన ఆరు నెలలూ విప్పించుకుని, తుడిపించుకుని, రంగు వేయించుకుంటుంది. సర్పాన్ పదిహేడో ఏట అక్కడ రంగుడబ్బాలు మోయడానికి చేరాడు. నేను చెప్పే ఏటికి అరవై ఆరు. ఉద్యోగం ఎప్పుడో అయిపోయినా ఏటా డిసెంబర్లో మిల్లు మనిషి ఇంటికొచ్చి పిలిచేవాడు. ఆ పిలుపు కోసం నవంబర్ నుంచే కుంచెలు కిరసనాయిల్లో నానేసి కూర్చునేవాడు.

పళ్లచక్రాలకి ఆకుపచ్చ, మెట్ల కమ్ములకి పసుపు, తక్కిన సమస్తానికీ వెండి రంగు. "ముందు ఎర్రది, అది ఆరాక వెండిది. ఎర్రది బనీను, వెండిది చొక్కా" అని చెప్పేవాడు. డబ్బాల అడుగున మిగిలినవి ఇంటికి పట్టుకుపోయేవాడు కాబట్టి వాళ్లింట్లో ఏ రెండు కిటికీలూ ఒక రంగులో ఉండవు. ఆయన భార్య గినెమ్ మిల్లు గేటు దగ్గర పెచెల్ అమ్మేది. ఉడికించిన ఆకుకూరల మీద కారంగా వేరుశనగ పచ్చడి పోసి, ఆకులో కట్టి ఇచ్చేది. కొత్తగా వచ్చినవాళ్లతో ఆమె అనే మాట ఒకటుంది: "మా ఆయన పక్కన కదలకుండా కూర్చోకండి. పూత వేసేస్తాడు."

నేను జావాలో దిగి అప్పటికి ఇరవై రెండేళ్లు. ఆ ఏడు కెదుంగ్‌సరిలో నా పని ఇది. గానుగ రోలర్ల నెత్తిన నిలువుగా ఒక ఇనప తొట్టి ఉంటుంది. నరికిన చెరకు అందులో పడుతుంది. తొట్టి నిండితే రోలర్లు జోరుగా తిరగాలి, తగ్గితే నెమ్మదించాలి. అన్నేళ్లూ ఒక మనిషి నిచ్చెన మీంచి తొంగిచూసి కిందికి కేకేసేవాడు. ఇప్పుడు ఆ కేకకి బదులు తొట్టికి సెన్సర్లు, మోటార్లకి వేగం మార్చే డ్రైవ్‌లు, మధ్యలో ఒక కంప్యూటర్ ప్యానెల్. కొత్త బీరువాలు కొనకుండా గోడవారనున్న పాత ఇనప బీరువాలనే, తీగలు పరిచే పాత ఇనప నిచ్చెనలనే వాడుకోమన్నారు. అన్నీ సర్పాన్ తాత వెండి పూతలో మిలమిలలాడుతున్నవే.

వైరింగ్ సులాస్త్రి చేసింది. ముప్పై నాలుగేళ్ల మనిషి. తొమ్మిదేళ్లుగా ఆ మిల్లులో ఎలక్ట్రీషియన్ అన్న పేరే గాని, తొమ్మిదేళ్లూ క్వార్టర్లలో బల్బులు మార్చడమూ ఆఫీసు ఫ్యాన్లకి నూనె పెట్టడమూ తప్ప ఇంకో పని చూపించలేదు. ఆడమనిషికి ప్యానెల్ అప్పగించడం ఆ మిల్లులో అదే మొదలు. నేను పట్టుబట్టి ఇప్పించాను.

డ్రైవ్ అనేది మోటారుకి వెళ్లే కరెంటుని సెకనుకి వేల ముక్కలు కోసి ఇస్తుంది. ఆ కోత రొద పక్కనున్న తీగలన్నిటిలోకీ పాకుతుంది. సెన్సర్ చెప్పేదేమో గుసగుస. కంచు గంటల గమెలాన్ మేళం పక్కన కూర్చుని చెవిలో రహస్యం చెప్పినట్టుంటుంది వ్యవహారం. ఇదేం కొత్త గొడవ కాదు. ట్రాము బళ్లు కొత్తగా కరెంటు మీద నడిచిన కాలంలో, పక్కనే తీగలు లాగిన టెలిఫోన్లలో మనిషి గొంతుకి తోడు ట్రాము హోరు కూడా వినబడేదని ఎక్కడో చదివాను. మందు కూడా దాదాపు ఆనాటిదే. సన్న తీగని లావు తీగకి దూరంగా ఉంచు. దానికి రాగి అల్లిక తొడుగు. ఆ తొడుగుని ఇనుముకి, ఇనుముని భూమికి గట్టిగా కలుపు. అప్పుడు రొద తొడుగు మీంచే జారి భూమిలోకి పోతుంది, లోపలి గుసగుస జోలికి రాదు.

సులాస్త్రి ఇదంతా ఒక్కసారి చెబితే పట్టుకుంది. మోటారు కేబుళ్లు ఒక నిచ్చెన మీద, సెన్సర్ కేబుళ్లు ఇంకో నిచ్చెన మీద పరిచింది. దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించింది. రాగి అల్లికని జడలా మెలిపెట్టి ఒక మూల కట్టకుండా, చుట్టూ పట్టుకునే వెడల్పాటి క్లాంపులు పెట్టింది. క్లాంపు కూర్చునే ప్రతి చోటా, భూమికి కలిపే పట్టీ బీరువాకీ నిచ్చెనకీ తగిలే ప్రతి చోటా రంగు గోకి ఇనుము తేల్చాలి. అలాంటివి ముప్పై నాలుగు లెక్క తేలాయి.

"బోల్టు మర ఎలాగూ ఇనుముకి తగులుతుంది కదా పెదనాన్నా, మీటరు కూడా కలిసిందనే చూపిస్తుంది. మళ్లీ ఈ గోకుడెందుకు?" అనడిగింది. వయసులో పెద్దవాణ్ణని నన్ను అలాగే పిలిచేది.

"మీటరుకి ఆ మాత్రం చాలు. రొదకి చాలదమ్మాయ్. అది సన్న సందులోంచి పోదు, వెడల్పాటి దారి కావాలి దానికి."

"మా అత్తగారి టైపన్నమాట. ఆవిడొస్తే గుమ్మమంతా ఖాళీ చెయ్యాలి."

గురువారానికి గోకడం పూర్తయింది. ఆ సాయంత్రమే నేను డెంగీతో ఆసుపత్రిలో పడ్డాను. శుక్రవారం నుంచి మూడు రోజులు సెలవులు. సోమవారం సులాస్త్రి వచ్చి, మెరుస్తున్న ముప్పై నాలుగు చోట్లా క్లాంపులూ పట్టీలూ బిగించింది. నేను బుధవారం లేచి వచ్చి ఒక్కొక్కటే చూశాను. మీటరు పెట్టాను. వంక పెట్టడానికి లేదు.

మోటారు వేశాం. తొట్టి ఖాళీ. తెర మీద మాత్రం నలభై శాతం. చూస్తుండగానే డెబ్బై. తరవాత పన్నెండు, మళ్లీ అరవై. మోటారు ఆపితే చక్కగా సున్నా.

ఫ్యాక్టరీ విభాగానికి పెద్ద హెంద్రో గారు చేతులు కట్టుకుని చూశారు. "ఏం సార్, తొట్టిలో దెయ్యాలు గానీ చెరకు పోస్తున్నాయా?"

"రేపటికి సర్దుకుంటుందండీ."

మర్నాడు మళ్లీ వచ్చారు. "దెయ్యాలు ఇవాళ ఎనభై దాకా పోశాయే. కష్టజీవులు!"

తొమ్మిది రోజులు తలబద్దలు కొట్టుకున్నాం. సెన్సర్లు మార్చాం, కేబుళ్లు మార్చాం, డ్రైవ్ మార్చాం. క్లాంపుల వంక నేను మూడుసార్లు చూసి, అవి బాగానే ఉన్నాయని ముందుకి పోయాను. అక్కడేమో గడువు దగ్గరపడుతోంది. మా మిల్లుల్లో చెరకు పెళ్లి కాకుండా గానుగ ఆడదు. రెండు గడల్ని వధూవరుల్లా అలంకరించి, మేళంతో ఊరేగించి, మొట్టమొదట వాటినే రోలర్ల మధ్యకి పంపిస్తారు. ముహూర్తం ఏడు రోజుల వారాన్నీ ఐదు రోజుల సంత వారాన్నీ కలిపి కడతారు. తప్పితే ముప్పై ఐదు రోజులకి గాని ఆ రోజు రాదు, అప్పటిదాకా పొలంలో చెరకు ఎండుతుంది. ఆ ఏటి ముహూర్తం సోమవారం.

గురువారం మధ్యాహ్నం హెంద్రో గారు నన్నూ సులాస్త్రినీ కూర్చోబెట్టారు. "పెళ్లికూతుర్ని గానుగ దాకా తీసుకొచ్చి, ఆగు తల్లీ, ఇంకా దెయ్యం దిగలేదని చెప్పమంటారా? సురబాయ నుంచి వేరే మనుషుల్ని పిలుస్తున్నాను. శనివారం పొద్దున్న దిగుతారు. మొత్తం వైరింగ్ విప్పేస్తారు. తప్పు వైరింగ్‌లో ఉందని మీరొక కాగితం రాసివ్వండి సార్. ఈ అమ్మాయి పాత పనికి వెళ్తుంది. అందులో చిన్నతనమేముంది, బల్బులు కూడా ఎవరో ఒకరు మార్చాలి కదా."

బయటికొచ్చాక సులాస్త్రి అంది: "బల్బులు మార్చమంటే మారుస్తాను పెదనాన్నా. ఎక్కడ తప్పు చేశానో మాత్రం తెలియాలి. అది తెలియకుండా పంపించేస్తే, ఇక ముందు ఏ స్విచ్చి బిగించినా పదిసార్లు విప్పి చూసుకోవాలి నేను."

శుక్రవారం పొద్దున్న నేను కాగితం రాయడానికి కూర్చున్నాను. దాచుకోవడం ఎందుకు, నా పేరు నిలబెట్టుకోవడానికి ఆ పిల్ల పేరు రాస్తున్నాను. రెండు వాక్యాలు అయ్యేసరికి గుమ్మంలో సర్పాన్ తాత, చేతిలో ఆకు పొట్లం.

"మా ఆవిడ పంపింది. జ్వరం పూర్తిగా తగ్గిందా తమ్ముడూ?"

"తగ్గింది తాతా." ఊరంతా తాత అంటుంటే నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

"బొప్పాయాకు రసం తాగావా?"

"తాగాను. దానికంటే డెంగీయే నయం."

నవ్వాడు. వానల గురించి మాట్లాడాడు. లవంగాల చుట్ట ఒకటి కాల్చాడు. ఆయన అసలు విషయానికి రావాలంటే ముందు ఇవన్నీ జరగాలి. నేను పొట్లం విప్పి తింటూ కూర్చున్నాను.

"సులాస్త్రిని పంపించేస్తున్నారని మా ఆవిడ పెచెల్ బండి దగ్గర చెప్పుకుంటున్నారు" అన్నాడు చివరికి.

"అవును తాతా."

"మంచి పిల్ల. తిన్నని చెయ్యి. ఒక్కసారి కోపమొచ్చింది, రాకూడదా? నువ్వది మనసులో పెట్టుకోకు."

"కోపమా? ఎప్పుడు?"

ఆయన గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించాడు. "చెప్పకూడదు గానీ, ఆ పిల్ల బతుకు పోతోంది కాబట్టి చెబుతున్నా. నువ్వు ఆసుపత్రికి వెళ్లిన రోజు బీరువాలన్నీ గోకేసింది. నిచ్చెనల మీద కూడా. ముప్పై నాలుగు చోట్ల, నేను లెక్కపెట్టాను. ఎవరి మీద కోపమో, పాపం, ఇనుము మీద చూపించుకుంది. హెంద్రో గారి కళ్లబడితే ఊరుకుంటాడా? అందుకని శుక్రవారం నమాజు కాగానే వచ్చి ఎర్రది వేశాను. శనివారం దాని మీద వెండిది. పాత డబ్బా కూడా కాదు, కొత్తది తీశాను. మెరిసిపోతాయి చూడు. నా పూత ఎవడూ కనిపెట్టలేడు."

నిజమే. ఎవరూ కనిపెట్టలేదు.

చేతిలో ఆకు జారింది. వేరుశనగ పచ్చడి నేను రాసిన రెండు వాక్యాల మీద పడి, ఒక్క అక్షరం కనబడకుండా కప్పేసింది. ఆ కాగితం మీద నేను చేసిన పనికి అంతకంటే మంచి ముగింపు ఉండదు.

తాతని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. సులాస్త్రి ఒక క్లాంపు విప్పింది. నేను చాకుమొనతో గీశాను. వెండి పొర లేచి, దాని కింద సన్నగా ఎర్రటి గీత తేలింది. ముగ్గురం ఆ గీత వంక చూస్తూ నిలబడ్డాం. గోకిన ఇనుమూ మెరుస్తుంది, కొత్త వెండి పూతా మెరుస్తుంది. సోమవారం ఆమె చూసిన మెరుపూ, బుధవారం నేను తలాడించిన మెరుపూ రంగే. బోల్టు మరలోంచి వెళ్లిన కాస్త కరెంటుకి మీటరు సరే అంది. రొదకి మాత్రం వెడల్పాటి తలుపు వేసేసి ఉంది.

తాతకి విడమరిచి చెప్పాను. విని, పక్కనున్న పెట్టె మీద మెల్లిగా కూర్చున్నాడు. "అయితే ఈ పిల్ల కోపంతో గోకలేదూ?"

"తాతా! రెండు రోజులు గరుకు కాగితం పెట్టి రుద్దాను. భుజం పడిపోయింది. కోపంతో ఎవరైనా అంత చదరంగా గోకుతారా?"

"నాకూ అదే అనుమానమొచ్చింది తల్లీ. ఇంత శుభ్రంగా కోప్పడినవాళ్లెవరబ్బా అని."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నేను ఒక ఉపాయం చెప్పాను. ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉంచుదాం, రంగంతా మేమే తీసేస్తాం, హెంద్రో గారితో ఏదో బాగైందని చెబుదాం. తాత తల అడ్డంగా ఊపాడు.

"అప్పుడు ఈ పిల్లే తప్పు చేసి దిద్దుకుంది అనుకుంటారు. చెయ్యని తప్పు ఎందుకు దిద్దుకోవాలి?"

"మరి మీ సంగతి? వచ్చే డిసెంబర్లో పిలవకపోతే?" అన్నాను.

తాత లేచి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం నమాజు నుంచి బాతిక్ చొక్కా, నల్లటోపీతో తిన్నగా ఫ్యాక్టరీలోకి వచ్చాడు. ఫోర్మన్లందరి మధ్యా ఉన్న హెంద్రో గారి ముందు చేతులు ముడిచి నిలబడ్డాడు. జన్మంతా ఎవరి తప్పూ నలుగురిలో ఎత్తని మనిషి, తన తప్పు నలుగురిలో ఎత్తి చెప్పాడు. తడుముకోకుండా, అవతలివాళ్లు తలదించుకునేంత గౌరవమైన మాటలతో చెప్పాడు.

హెంద్రో గారు అన్నది వేరే సంగతి. "తాతా, నేను చేరిన మొదటి ఏడు క్రేను కొక్కెం తగిలించి ఆవిరి గొట్టం పొడవునా గీకేశాను. చెబుదామని మర్నాడు పై అధికారిని వెంటబెట్టుకొచ్చాను. చూస్తే గీత లేదు. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. పదిహేనేళ్లుగా అది కలేమో అనుకుంటున్నాను."

"మూడు బారల గీత" అన్నాడు తాత, తల ఎత్తకుండానే. "మలుపు దగ్గర లోతుగా పడింది."

అంతా ఘొల్లుమన్నారు. హెంద్రో గారు సురబాయకి ఫోన్ చేసి మనుషులు రానక్కర్లేదని చెప్పారు.

శని, ఆదివారాలు పని. తాత కుంచె పక్కన పెట్టి గరుకు కాగితం పట్టుకున్నాడు. రంగు వేసిన చేత్తో రంగు తీయడం ఆయనకదే మొదలు. ప్రతి చోటా పన్ను నొప్పివాడిలా మొహం పెట్టేవాడు. ఆయన గోకితే సులాస్త్రి బిగించింది. నాలుగోదో ఐదోదో అయ్యాక ఆగి అడిగాడు: "తమ్ముడూ, బిగించేశాక పైన చుట్టూతా పూత వేస్తే మీ రొదకి అడ్డమా?"

"అడ్డం లేదు తాతా. పైగా తడి లోపలికి దూరకుండా మంచిది కూడా."

"అంటే గోకడం, బిగించడం, ఆ తరవాత రంగు?"

"అంతే."

"మరి ఆ ముక్క ముందే నాతో అనొచ్చుగా!"

అనొచ్చు. గీసిన పటాలు మేనేజర్‌కి చూపించాను, ఎలక్ట్రీషియన్లకి చూపించాను, నిచ్చెనలు అతికే వెల్డర్‌కి కూడా చూపించాను. ఆ మిల్లులో ప్రతి అంగుళాన్నీ చేత్తో తాకే ఒకే ఒక్క మనిషికి చెప్పాలని మాత్రం తోచలేదు. ఇన్నేళ్లుగా ఇన్ని దేశాల్లో ఇదే పని చేస్తూ తోచలేదు. ఆ తరవాత నేను ఎక్కడ పని మొదలుపెట్టినా మొదటి రోజు అడిగే ప్రశ్న, ఇక్కడ రంగులేసేది ఎవరు అని. ఆ ప్రశ్న నాకు సర్పాన్ తాత ఇచ్చింది.

ఆదివారం మూడింటికి మోటారు వేశాం. తెర మీద సున్నా. వేగం పెంచాం. సున్నా. సులాస్త్రి ముక్కు తెరకి ఆనించినంత దగ్గరగా నిలబడి గంటసేపు ఆ సున్నానే చూసింది. టీ గ్లాసులు పట్టుకుని గినెమ్ వచ్చింది.

"ఏం చూస్తున్నారర్రా ఇంతమంది?"

"సున్నా, అవ్వా!" అంది సులాస్త్రి.

"ఓస్, సున్నా కోసమా? మా ఇంటికొస్తే మా ఆయన జేబులో చూపించేదాన్నిగా."

సోమవారం పెళ్లికొడుకు గడనీ పెళ్లికూతురు గడనీ తలపాగా, మల్లెదండలతో మోసుకొచ్చారు. గమెలాన్ గానుగ గుమ్మం దాకా వచ్చి ఆగింది. బటన్ నొక్కడానికి హెంద్రో గారు సులాస్త్రిని ముందుకి పిలిచారు. ఆమె ప్యానెల్ వంక ఇంకోసారి చూసుకోకుండానే నొక్కింది. రోలర్లు కదిలాయి. వధూవరుల వెనకే మొదటి బండి చెరకు తొట్టిలో పడింది. తెర మీద మూడు, ఎనిమిది, పదిహేను, ఇరవై రెండు, మెట్లెక్కినట్టు ఒక్కొక్కటే ఎక్కింది. రోలర్లు దానికి తగ్గట్టు జోరందుకున్నాయి. సులాస్త్రి తిరిగి చూసింది నా వైపు కాదు. జనం వెనక, స్తంభం చాటున నిలబడ్డ తాత వైపు.

ఆ డిసెంబర్లో తాతని పిలవడానికి మిల్లు మనిషి వెళ్లలేదు. హెంద్రో గారే వెళ్లారు. ఆ సంగతి సులాస్త్రి నాకు ఫోన్లో చెప్పింది. ప్యానెళ్లన్నీ ఇప్పుడు ఆమె చేతి కిందే ఉన్నాయి.

మరో రెండేళ్లకి అటు పోతూ మిల్లులో దిగాను. బీరువా తలుపు తీస్తే, క్లాంపులు కూర్చునే ప్రతి చోటా సన్నటి ఎర్రటి గడి గీసి ఉంది. తలుపు లోపలి వైపు చుట్టూ తీగల అంచు, మూలల్లో పువ్వులు, మధ్యలో అచ్చు వేసినట్టు గుండ్రటి అక్షరాలు: 'బిగించక ముందు ఇక్కడ రంగు వేయరాదు'. ఆ అక్షరాలకే కనీసం మూడు పూతలు పడి ఉంటాయి.

గేటు దగ్గర పెచెల్ తింటూ ఆ మాటే గినెమ్‌తో అన్నాను.

"అదే మరి" అంది ఆమె, ఆకు మీద ఇంకాస్త పచ్చడి పోస్తూ. "రంగు వద్దని చెప్పడానికి డబ్బాడు రంగు ఖర్చు పెట్టాడు."

పక్కన బల్ల మీద తాత ఏమీ విననట్టు కూర్చున్నాడు. వేళ్ల గోళ్ల చుట్టూ వెండి రంగు. చెప్పవలసిన కృతజ్ఞత చాలా ఉంది గాని, మొహం మీద చెబితే ఆయన ఇబ్బంది పడతాడు. అందుకని జ్వరాల గురించీ వానల గురించీ మాట్లాడాను. కాసేపయ్యాక ఆయనే నా ఇనప పనిముట్ల పెట్టె వంక చూసి, మూల గీత పడిందే అన్నట్టు కళ్లు చికిలించి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను చేతులు కడుక్కోవడానికి లేచాను.

బస్సెక్కాక చూసుకున్నాను. ఆ మూల వెండి రంగు ఇంకా తడిగా ఉంది.